నష్టం ఎవరి పేరు మీద?

హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో ఈ డబ్బుకు మూడు పేర్లున్నాయి. జీవోల్లో అది ఇన్‌పుట్ సబ్సిడీ. పత్రికల్లో పంట నష్టపరిహారం. ఊళ్ళో అరుగుల మీద కరువు దుడ్లు. మూడు మాటలూ ఒకే సొమ్మును చెబుతున్నట్టు కనిపిస్తాయి కానీ మూడింటి వెనకా మూడు వేరు వేరు నైతిక అవగాహనలున్నాయి. సబ్సిడీ అంటే రాబోయే పంటకు ప్రభుత్వం అందించే పెట్టుబడి సాయం. ఇవ్వడం, ఇవ్వకపోవడం ఇచ్చేవాళ్ళ ఇష్టం. నష్టపరిహారం అంటే పోయినదానికి బదులు. పోగొట్టుకున్న మనిషికి అడిగే హక్కు ఆ మాటలోనే ఉంది. కరువు దుడ్లు అనడంలో మరో అర్థం ఉంది: కరువు వచ్చింది కాబట్టి వచ్చిన డబ్బు, కరువును మోసిన వాళ్ళందరికీ అందులో పాలు ఉండాలి.

నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. వ్యవసాయ ఆర్థికశాస్త్రం నా రంగం కాదు. రాయలసీమ కరువు సాహిత్యంలో స్త్రీల గురించి చదువుతూ, ఆ పుస్తకాల్లో ఉన్న మనుషులు బయట ఎలా ఉన్నారో చూడాలని పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతపు ఊళ్ళు కొన్ని తిరిగాను. స్త్రీలతో మాట్లాడాను. ఏ ఊరికి వెళ్ళినా మాట కరువు దుడ్ల దగ్గరికే వచ్చేది. వచ్చిందా, రాలేదా, ఎంత వచ్చింది, ఎవరి ఖాతాలో పడింది? ఆ మాటలు వింటున్నకొద్దీ నాకు డబ్బు కంటే ముందున్న ఒక ప్రశ్న ముఖ్యమనిపించింది. ప్రకృతి వైపరీత్యం వచ్చినప్పుడు నష్టపోయినవాళ్ళు ఎవరో తేల్చాలంటే ముందు నష్టం అంటే ఏమిటో తేల్చాలి. అది తేల్చుతున్నది ఎవరు? ఏ కొలతతో?

ముందు కొలతల సంగతి చూద్దాం. ఈ మూడు పట్టణాలూ 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేవి. ఇప్పుడు పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారింది కానీ వాన మారలేదు. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అందులోనూ ఎక్కువ భాగం శెనక్కాయ విత్తే అదనుకు కాకుండా, పంట ఎండిపోయాక సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది. 2021 నవంబరులో లాగా ఒక్కోసారి పీకిన చెట్టు కుప్పల మీద కురిసి కాయంతా బూజు పట్టిపోతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023 ఖరీఫ్‌లో 103 మండలాలను, 2024 ఖరీఫ్‌లో 54 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. రెండు జాబితాల్లోనూ ఈ జిల్లా మండలాలున్నాయి.

మండలాన్ని ప్రకటించాక పంట నష్టాన్ని లెక్క కడతారు. విపత్తు సహాయ నిధికి కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం పంట 33 శాతం, అంతకు మించి పోయి ఉండాలి. 2015కు ముందు అది 50 శాతం. 2022 నుంచి 2026 దాకా కాలానికి ఇచ్చిన ప్రమాణాల్లో వర్షాధారపు పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు. అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు చూస్తే మూడు వేల నాలుగు వందల చిల్లర. మల్బరీ తోటకు హెక్టారుకు 6,000. రాష్ట్రం తన వంతుగా కొంత కలిపితే కలపవచ్చు. ఈ మొత్తం చాలదన్న సంగతి అందరికీ తెలుసు. రైతు సంఘాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. నేను చెప్పదలచుకున్నది మొత్తం గురించి కాదు, దాని కొలత గురించి. ఇక్కడ నష్టం అన్నది హెక్టార్లలో ఉంటుంది. మనుషుల్లో ఉండదు.

ఆ కొలత ఊరికి వచ్చేసరికి జాబితాగా మారుతుంది. సాహిత్యం చదివిన అలవాటు కొద్దీ నేను జాబితాను కూడా ఒక పాఠంగానే చదువుతాను. వరస నంబరు, ఖాతా నంబరు, సర్వే నంబరు, పట్టాదారు పేరు, తండ్రి లేక భర్త పేరు, విస్తీర్ణం, పంట, ఆధార్, బ్యాంకు ఖాతా. ఇందులో స్త్రీ రెండు రకాలుగా రావచ్చు. పట్టాదారుగా వస్తే పక్కనే తండ్రి పేరో భర్త పేరో ఉండాలి. పట్టా లేకపోతే అసలు రాదు. ఆ చేనులో ఎవరు విత్తారు, ఎవరు కలుపు తీశారు, ఎవరు పీకారు అన్న గడి ఎక్కడా లేదు. ఏ కథనైనా కర్త ఎవరు, ఎవరి వైపు నుంచి చెబుతున్నారు అని అడిగి చదువుతాం కదా. ఈ కథలో కర్త భూమి. నష్టపోయింది భూమి. దాని తరఫున డబ్బు తీసుకునేవాడు పట్టాదారు.

చేలో జరిగే పనిని వరసగా పెట్టి చూస్తే ఈ కథలో ఎవరు లేరో తెలుస్తుంది. విత్తనానికి ముందు కాయలు ఒలవాలి. మిషన్ ఒలిస్తే పప్పు పగులుతుందని చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ చేత్తోనే ఒలుస్తారు. రాత్రుళ్ళు గుంపుగా కూచుని, బొటనవేలు వాచిపోయేదాకా ఒలిచేది ఆడవాళ్ళు. గొర్రు వెంట నడిచి విత్తనం వదిలిందీ వాళ్ళే. ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చి ఆ పని తగ్గింది. కలుపు రెండు సార్లు. ఊడలు దిగే సమయానికి వాన రాకపోతే ఆ చేను ఇక కోలుకోదు. అయినా పశువులకు కట్టె అయినా మిగులుతుందని ఎండిన చెట్టునే పీకుతారు. గట్టిపడిన నేలలో ఎండిన చెట్టు పీకడం పచ్చి చెట్టు పీకడం కంటే కష్టం. కాయ ఇడిపించేదీ వాళ్ళే. పంట పోయిన ఏడు స్త్రీ చేసే పని తగ్గదు. ఆ పనికి దక్కేది మాత్రం తగ్గిపోతుంది.

పెనుకొండ దగ్గర ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ నాకిది ఎంతో సూటిగా చెప్పింది. పరిహారం జాబితాలో నీ పేరుందా అవ్వా అని అడిగాను. "నా పేరు యాడుంటాది పాపా? పంట పోయింది మా ఆయప్పకంట. నాకు పోయింది వొళ్ళే గదా" అంది. ఆమెతో పాటు కూచున్న వాళ్ళు నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

దీనికి ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఇన్‌పుట్ సబ్సిడీ అన్నది పెట్టుబడికి సంబంధించింది, విత్తనాలు, ఎరువులు, దున్నకం ఖర్చు మళ్ళీ సమకూర్చడానికి ఇచ్చేది, శ్రమకు కూలి ఎప్పుడో ఇచ్చేశారు కదా అంటారు. ఈ వాదనను తేలిగ్గా తీసుకోలేం. సాగు చేసేవాడి చేతిలో నాలుగు డబ్బులు లేకపోతే వచ్చే ఏడు విత్తనం పడదు. విత్తనం పడకపోతే కూలీలకు పనే లేదు. కానీ ఈ లెక్కలో రెండు రకాల శ్రమ జారిపోతోంది. ఒకటి, సొంత చేలో ఇంటి ఆడవాళ్ళు చేసే పని. దానికి కూలి ఎప్పుడూ ఎవరూ ఇవ్వలేదు. పంట ఇంటికొస్తే అందులో నుంచి తిండి, బట్ట, పిల్లల ఫీజులు దక్కుతాయన్నదే దాని కూలి. పంట పోతే ఆ కూలి పోయినట్టే. బయటి నుంచి కొన్న ఎరువు బస్తా పెట్టుబడి అయి, ఇంట్లోంచి వచ్చిన నాలుగు నెలల పని పెట్టుబడి కాకుండా ఎందుకు పోయింది?

రెండవది, భూమి లేని కూలి స్త్రీల శ్రమ. కరువు ఏడు వాళ్ళు పోగొట్టుకునేది ఇంకా చేయని పనికి రావలసిన కూలి. రెండో కలుపు లేదు, పీకుడు లేదు, ఇడిపింపు లేదు. ఇంకా చేతికి రానిది పోతే అది నష్టం ఎలా అవుతుంది అని ఒక అధికారి నన్ను నిజంగానే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అయితే చేలో ఉన్న పంట మాత్రం చేతికి వచ్చిందా? ఊడలు కూడా దిగని చెట్టుకు పంట నష్టం కడుతున్నామంటే, రావలసి ఉండి రాకుండా పోయినదాన్ని నష్టంగా ఒప్పుకుంటున్నట్టే కదా. భూమి ఉన్నవాడి ఆశను నష్టంగా లెక్కించే పద్ధతి మన దగ్గర ఉంది. కూలి మీద బతికే మనిషి ఆశను లెక్కించే పద్ధతి లేదు.

పూర్తిగా లేదని కూడా అనలేం. అవే ప్రమాణాల్లో, బతుకుదెరువు తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు ఉచిత సహాయం అని ఒక పద్దు ఉంది. 2015 నాటి ప్రమాణాల్లో అది పెద్దవాళ్ళకు రోజుకు 60 రూపాయలు, పిల్లలకు 45. ఈ ఉచిత సహాయం అన్న మాట వలస పాలన కాలపు కరువు నియమావళుల నుంచి మనకు దిగింది. మాటల్లో ఉన్న తేడాను గమనించండి. భూమి మునిగినా ఎండినా వచ్చేది సబ్సిడీ. అందులో ఆర్థిక విధానానికుండే గౌరవం ఉంది. శ్రమ పోతే వచ్చేది ఉచితం. అందులో దయ మాత్రమే ఉంది. ఒకే విపత్తు, ఒకే ఊరు. ఒకరు నష్టపోయినవారు, ఒకరు దిక్కులేనివారు.

స్త్రీల నష్టం జాబితాకెక్కకపోవడానికి ఇంకో కారణం ఉంది. నాకు దీని మీద ఆలోచన కలిగించింది హిందూపురం మండలంలో ఒక అక్క. ఆమెకు రెండు పాలిచ్చే ఆవులు, ఐదారు మేకలు ఉండేవి. కరువు ఏడు మేత లేక అన్నీ అమ్మేసింది. కొనేవాడికి ఆమె అవసరం తెలుసు కాబట్టి సగం ధరకు అడిగాడు. కమ్మలు కుదువబెట్టి పిల్లకు ఫీజు కట్టింది. ప్రమాణాల ప్రకారం విపత్తులో పాడి పశువు చచ్చిపోతే 37,500 రూపాయలు, మేక చచ్చిపోతే 4,000 ఇవ్వాలి. ఆమె ఆవులు చావలేదు. మేకలు చావలేదు. కమ్మలు వరదలో కొట్టుకుపోలేదు. అన్నీ ఆమే తన చేతులతో అమ్మింది, కుదువబెట్టింది. కాబట్టి ఏదీ నష్టం కాదు, అన్నీ లావాదేవీలు.

మగవాళ్ళ ఆస్తి విపత్తులో చాలాసార్లు నాశనమవుతుంది. అది కనిపిస్తుంది, ఫోటో తీయవచ్చు, పంచనామా రాయవచ్చు. ఆడవాళ్ళ చేతిలో ఉండే చిన్న ఆస్తి నాశనం కాకముందే కరిగిపోతుంది. కుటుంబాన్ని ఆ విపత్తు నుంచి గట్టెక్కించడానికి ముందు ఖర్చయ్యేది అదే. అంటే ప్రభుత్వ సాయం వచ్చేలోపు ఆ ఇంటికి అసలు విపత్తు సహాయ నిధిగా పనిచేసింది ఆమె మేకలు, ఆమె కమ్మలు. ఆ నిధిని మళ్ళీ నింపే పద్దు ఏ ప్రమాణాల్లోనూ లేదు. తెగనమ్ముకోవడాన్ని నష్టమనడానికి మన భాషలో మాట ఉంది. ప్రభుత్వ భాషలో లేదు.

రాజనీతి తాత్వికురాలు జూడిత్ ష్క్లార్ 1990లో అన్యాయం గురించి రాసిన పుస్తకంలో దురదృష్టానికీ అన్యాయానికీ మధ్య గీత ఎవరు గీస్తారు అన్న చర్చ చేసింది. భూకంపం, వరద, కరువు దురదృష్టాలు, ఎవరూ చేసినవి కావు అనుకుంటాం. కానీ ఆ దెబ్బ ఎవరికి ఎంత తగిలింది, ఎవరిని ఎవరు ఆదుకున్నారు, ఎవరి గోడు వినిపించింది అన్న దగ్గరికి వచ్చేసరికి అది మనుషులు చేసిన పని. అక్కడి నుంచి అన్యాయం మొదలు. వాన రాకపోవడం హిందూపురం దురదృష్టం అనుకుందాం. జాబితా మాత్రం ఎవరో కూచుని రాసింది.

చరిత్రలోకి కొంచెం వెనక్కి వెళ్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1876-78 మహా కరువు కాలంలో ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి మద్రాసు రాజధానిలో కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద స్వల్ప మొత్తానికి తగ్గించాడు. ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించాడు. స్త్రీల కూలి పురుషుల కూలి కంటే కూడా తక్కువ. అది క్రూరమైన వ్యవస్థ, అందులో సందేహం లేదు. అయినా ఆ కరువు పనుల్లో లెక్క ఒక్కొక్క మనిషికి. స్త్రీకి తక్కువ విలువ కట్టారు గానీ, ఆమెను విడిగా ఒక మనిషిగా లెక్కపెట్టారు. పట్టా ప్రకారం పంచే నేటి సాయం ఆమెను తక్కువగా కూడా లెక్కపెట్టడం లేదు.

ఇదే ఉమ్మడి జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న జాతీయ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. దాని లోటుపాట్ల గురించి ఎంతో రాశారు. బిల్లులు నెలల తరబడి ఆగేవి, కొలతల్లో మోసం జరిగేది. 2025 చివర్లో ఆ చట్టం స్థానంలో వేరే చట్టం వచ్చింది. కానీ ఈ ఊళ్ళ స్త్రీలు ఉపాధి పని గురించి మాట్లాడేటప్పుడు గొంతులో ఒక తేడా విన్నాను. ఆడా మగా ఒకే రేటు. మస్టర్‌లో తన పేరు. చేసిన పనికి పడిన డబ్బు. కరువు మండలాల్లో వంద రోజుల మీద మరో యాభై రోజుల పని కల్పించిన ఏళ్ళున్నాయి. కరువు సాయాన్ని మనిషి లెక్కన ఇవ్వడం సాధ్యం కాదు అనేవాళ్ళకు ఈ నేల మీదే జవాబు ఉంది. మస్టర్ రాయగలిగిన ఊరు ఆ పని కూడా చేయగలదు.

ఇక రెండో వాదన. కుటుంబం ఒకటే కదా, భర్త ఖాతాలో పడితే ఏమిటి, భార్య ఖాతాలో పడితే ఏమిటి? దీనికి స్త్రీవాదులం ఎన్నోసార్లు జవాబు చెప్పాం. కుటుంబం సహకారమూ సంఘర్షణా కలిసి ఉండే చోటని అమర్త్య సేన్ 1990లో రాశాడు. భూమి స్త్రీ పేరు మీద ఉండడానికీ ఇంట్లో ఆమె మాటకు ఉండే బలానికీ సంబంధాన్ని బీనా అగర్వాల్ 1994లో వచ్చిన 'ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్' పుస్తకంలో విస్తారంగా చర్చించింది. ఆ వాదనలన్నీ మళ్ళీ చెప్పను. ఒక్క సంగతి చాలు. కుటుంబమంతా ఒకటే అయితే, భర్త పోయిన రోజు ఆ ఒకటి ఏమవుతోంది?

అనంతపురం జిల్లా రైతుల ఆత్మహత్యలకు పేరు పడి పాతికేళ్ళు దాటింది. 2004లో వచ్చిన 421 నంబరు జీవో, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి యాభై వేలు ఇవ్వాలని చెప్పింది. తర్వాతి ప్రభుత్వాలు ఆ మొత్తాన్ని పెంచాయి. అది నిజమైన రైతు ఆత్మహత్యేనా అని డివిజన్ స్థాయిలో త్రిసభ్య కమిటీ తేల్చాలి. పాస్ పుస్తకం ఎవరి పేర ఉంది, అప్పు ఎవరి పేర ఉంది, ఏ పంట వేశారు? జీవితమంతా ఆ చేలో పనిచేసినా జాబితాలో లేని స్త్రీ, భర్త మరణించాక మొట్టమొదటిసారి ప్రభుత్వం ముందు కూచుని వ్యవసాయం గురించి సమాధానాలు చెప్పవలసి వస్తుంది. అప్పుడు కూడా ఆమె రైతు కాదు, రైతు భార్య. ఆమె తానే చనిపోతే? పట్టా లేని ఆ స్త్రీ మరణం లెక్కల్లో చాలాసార్లు గృహిణి గడిలోకి వెళ్ళిపోతుంది. ఆ ఇంటికి ఏ పరిహారమూ రాదు. చేను ఒకటే, అప్పు ఒకటే, పురుగుల మందు డబ్బా ఒకటే.

అయితే అన్ని పట్టాలూ స్త్రీల పేర రాసేస్తే సమస్య తీరిపోతుందా? అంత సులువు కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో స్త్రీల పేర ఉన్నవి సుమారు 14 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వాటా దేశ సగటు కంటే ఎక్కువే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు ఇచ్చిన రాష్ట్ర సవరణ ఇక్కడ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లో ఉంది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. మా అమ్మ పెళ్ళి 1987లో జరిగింది. చట్టప్రకారం ఆమెకు భాగముంది. పుట్టింటితో మాటపట్టింపు ఎందుకని అడగలేదు. ఆమె లాంటివాళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నారు. మరోవైపు, పేరు ఉన్న స్త్రీలందరూ హక్కుతో వచ్చినవాళ్ళు కారు. సాయానికి, అప్పుకు ఉన్న హద్దులు దాటకుండా ఉండటానికి భూమిని భార్య పేర, తల్లి పేర చీల్చి రాయించిన ఇళ్ళు ఎన్నో. ఖాతా ఆమెది, ఫోన్ ఆయనది. వేలిముద్ర ఆమెది, నిర్ణయం ఆయనది.

హిందూపురం దగ్గర మల్బరీ తోట ఉన్న ఒకామె పేరు జాబితాలో ఉంది. పట్టుపురుగుల పని గురించి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పురుగుకు జ్వరాలు దాటేదాకా ఇంట్లో ఎవరికీ కంటి నిండా నిద్ర ఉండదు. ఆకు కోయడం, వేయడం, చెత్త తీయడం, చంద్రికలకెక్కించడం చాలావరకు ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తుంది. గూళ్ళు హిందూపురం మార్కెట్‌కు పట్టుకుపోయేది మాత్రం మగవాళ్ళు. ఆకు ఎండి పంట పోతే లెక్కకు వచ్చేది తోట హెక్టారు మాత్రమే. డబ్బు వచ్చిందా అని అడిగితే వచ్చింది, ఆయన తీసినాడు అంది. మరి పేరుండి ఏం లాభం అక్కా అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి "సారు వచ్చినప్పుడు నన్నే పిలవాల గదా. ఈమె యాడ, ఈమెను రమ్మను అంటాడు. అప్పుడు నేను రెండు మాట్లు మాట్లాడొచ్చు" అంది.

ఈ జవాబు నాకు చాలా సిద్ధాంత చర్చల కంటే విలువైనదిగా అనిపిస్తుంది. పేరు అధికారం కాదు. కానీ పేరు లేనిచోట పిలుపు లేదు, పిలుపు లేనిచోట మాట లేదు. పరిహారం డబ్బుకు ఉన్న రెండో విలువ ఇదే. నీకు నష్టం జరిగింది, అది మేము చూశాం అని ప్రభుత్వం ఇచ్చే సాక్ష్యం అది. మూడు వేల రూపాయలతో ఎవరి కరువూ తీరదు. ఆ సాక్ష్యం దక్కని మనిషి మాత్రం ఊళ్ళో అందరూ నష్టపోయిన ఏడు కూడా ఏమీ పోగొట్టుకోనిదానిలాగే మిగిలిపోతుంది. ఆమె అలసటకు, అప్పుకు కారణం ఎక్కడా రాసి ఉండదు.

ధర్మవరంలో ఇదే కథ మగ్గం రూపంలో ఉంది. వానకు గుంత మగ్గంలోకి నీళ్ళొచ్చి పాడైతే చేతివృత్తులవారికి పనిముట్ల కింద, ముడిసరుకు కింద ప్రమాణాల్లో చెరో 5,000 రూపాయలున్నాయి. మగ్గం ఉన్నవాళ్ళకు. కండెలు చుట్టి, అచ్చులు అతికి బతికే స్త్రీలకు మగ్గం ఆగినన్ని రోజులూ పని ఉండదు. వాళ్ళ పనిముట్లు వాళ్ళ వేళ్ళు. చేలో ఉన్న పద్ధతే ఊళ్ళోనూ. వస్తువు ఉన్నవాళ్ళకే నష్టం ఉంటుంది.

గుత్తకు చేసేవాళ్ళ సంగతి కూడా ఇంతే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలుదారుకు పరిహారం రావాలంటే భూమి యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. నోటిమాట మీద ఎకరమో రెండెకరాలో చేసుకునే ఒంటరి స్త్రీకి ఏ యజమాని సంతకం పెడతాడు? 2007 జాతీయ రైతు విధానం రైతు అన్న మాటకు భూమి ఉన్నా లేకపోయినా సాగు పనిలో ఉన్నవారందరినీ చేర్చి విశాలమైన నిర్వచనం ఇచ్చింది. మహిళా రైతుకు గ్రామస్థాయిలో ధ్రువపత్రం ఇవ్వాలని ఎం.ఎస్. స్వామినాథన్ రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. 2013లో అది మురిగిపోయింది. నిర్వచనం ఉంది, నమూనా ఉంది. జాబితా రాసేటప్పుడు మాత్రం చేతిలోకి వచ్చేది పాస్ పుస్తకమే.

మన సాహిత్యం కూడా ఈ విషయంలో పూర్తిగా నిర్దోషి కాదు. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో రంగన్న పక్కన గంగమ్మ ఉంది. ఆమె లేకుండా ఆ కావ్యం లేదు. సింగమనేని నారాయణ 'సీమ కథలు' సంకలనం తెచ్చాక కరువు కథ మీద ఎన్నో వ్యాసాలు, పరిశోధనలు వచ్చాయి. వాటిలో చాలావాటిలో రైతు అన్న మాట రాగానే వెనక క్రియ 'చేశాడు' అని వస్తుంది. స్త్రీ గురించి చెప్పాలంటే ముందు మహిళా అన్న మాట తగిలించాలి. రైతు భార్య దుఃఖం, రైతు తల్లి ఓర్పు అని రాసుకుంటూ వచ్చాం. దుఃఖమూ ఓర్పూ ఆమెవి, వ్యవసాయం ఆయనది. పరిహారం జాబితాలో జరిగిందీ మన విమర్శలో జరిగిందీ ఒకటేనేమో ఆలోచించవలసిన పని మనకుంది.

ఇంతకీ ఏం అడగాలి? మొదటిది, పంట నష్టం రాసేటప్పుడు ఆ చేలో పనిచేసిన భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయడం, డబ్బు ఇద్దరి ఖాతాలకూ వేయడం. రెండవది, కరువు మండలం అని ప్రకటించిన చోట పోయిన పని దినాలను మనిషి లెక్కన నష్టంగా గుర్తించడం, ఉచిత సహాయం అన్న మాటను తీసేయడం. మూడవది, ఆ కాలంలో తెగనమ్ముకున్న పశువులకు, మళ్ళీ కొనుక్కోవడానికి వడ్డీ లేని డబ్బు ఇవ్వడం. నాలుగవది, పట్టా లేకుండా సాగు చేసేవారికి గ్రామసభ మాటే సాక్ష్యంగా తీసుకోవడం. ఎవరు ఏ చేలో పనిచేశారో ఊళ్ళో అందరికీ తెలుసు. ఇవి పెద్ద కోరికలేమీ కావు. వీటిలో మోసం జరగదా అంటే జరుగుతుంది, పట్టాల మీద జరిగే మోసం కంటే ఎక్కువేమీ జరగదు.

అన్నిటికంటే ముందు కావలసింది ఆ కాగితం మీద ఒక కొత్త గడి. పంట ఎవరిది అన్న గడి పక్కన, పని ఎవరిది అన్న గడి. అందులో ఏం రాయాలో తెలియకపోతే పెనుకొండ దగ్గరి ఊళ్ళో ఆడవాళ్ళను అడగవచ్చు. తేదీలతో సహా చెబుతారు.